ఒక వారం ప్రాసిక్యూషన్, మరో వారం డిఫెన్స్: ఇంగ్లండ్‌లో క్రిమినల్ బారిస్టర్ పని గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి ఎక్కువగా మూడు రకాల వాళ్లు అడిగే ప్రశ్నలు. లా చదువుతూ ఇంగ్లండ్ వైపు చూస్తున్న పిల్లలు, చదువుకోడానికో ఉద్యోగానికో ఇక్కడికొచ్చి కేసులో ఇరుక్కున్నవాళ్లు, హైదరాబాద్‌లోనో గుంటూరులోనో కూర్చుని ఫోన్లో టెన్షన్ పడే వాళ్ల అమ్మానాన్నలు. ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్, వేల్స్ కోర్టుల సంగతి. స్కాట్లండ్ చట్టం వేరు, కోర్టులూ వేరు. మీ మీద నిజంగానే కేసు ఉంటే మాత్రం ఇది చదివి ధైర్యం తెచ్చుకోకండి, ముందు సొలిసిటర్‌తో మాట్లాడండి.

బారిస్టర్ అంటే మన అడ్వకేటే కదా?

సగం వరకే. మన దగ్గర 1961 అడ్వకేట్స్ చట్టం వచ్చాక అందరూ అడ్వకేట్లే. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ రెండు వర్గాలు. పోలీస్ స్టేషన్లో మీ పక్కన కూర్చునేది, కాగితాలు పోగేసేది, కేసు మొదటినుంచీ చూసుకునేది సొలిసిటర్. పెద్ద నేరాలు విచారించే క్రౌన్ కోర్టులో నిలబడి వాదించేది ఎక్కువగా బారిస్టర్. మామూలుగా సొలిసిటర్ బ్రీఫ్ (కేసు కాగితాలు) పంపితేనే బారిస్టర్ చేతికి కేసు వస్తుంది. మన హైకోర్టులో సీనియర్ కౌన్సెల్‌ను పెట్టుకునే పద్ధతి చూసినవాళ్లకు ఇది కొంచెం పరిచితంగా ఉంటుంది. అయితే ఇక్కడ సీనియర్‌కే కాదు, నిన్నగాక మొన్న వచ్చిన జూనియర్‌కూ ఇదే పద్ధతి. పై ట్రైనింగ్ తీసుకుని క్రౌన్ కోర్టులో వాదించే హక్కు సంపాదించుకున్న సొలిసిటర్లూ ఉన్నారు.

బ్రిటిష్ పాలనలో మన దగ్గరా ఈ తేడా ఉండేది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమండ్రిలో పేరున్న ప్లీడరే అయినా హైకోర్టులో వాదించే అర్హత లేక, 1904లో ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లి బారిస్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు.

ఒకే మనిషి ఇవాళ పోలీసుల తరఫున, రేపు ముద్దాయి తరఫున ఎలా వాదిస్తారు?

మనవాళ్లు అందరికంటే ఎక్కువగా ఆశ్చర్యపోయేది దీనికే. మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్ అంటే ప్రభుత్వం వైపు మనిషి. అసిస్టెంట్ పీపీలయితే పరీక్ష రాసి ఉద్యోగంలో చేరినవాళ్లు. ఇంగ్లండ్‌లో ఎక్కువమంది క్రిమినల్ బారిస్టర్లు ఎవరి కిందా ఉద్యోగులు కారు. చాంబర్స్ అనే ఒక ఆఫీసులో ఖర్చులు పంచుకుంటూ ఎవరి ప్రాక్టీసు వాళ్లు చేసుకుంటారు. కేసులు నడపాలా వద్దా అని నిర్ణయించేది క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్, అందరూ సీపీఎస్ అంటారు. 1985లో చట్టం చేసి మరుసటి ఏడాది దీన్ని మొదలుపెట్టారు. అంతకుముందు చాలా కేసుల్లో దర్యాప్తు చేసిన పోలీసులే ప్రాసిక్యూషన్ కూడా నడిపించుకునేవారు. సీపీఎస్‌కు సొంత లాయర్లున్నా, క్రౌన్ కోర్టు కేసులు చాలావరకు బయటి బారిస్టర్లకే ఇస్తుంది. వాళ్ల అనుభవాన్నిబట్టి 1 నుంచి 4 దాకా లెవెల్స్ ఉన్న ప్యానెల్ ఉంటుంది. రేప్ కేసులకు వేరే ప్యానెల్.

ఒకే కేసులో రెండు వైపులా ఉండటం మాత్రం కుదరదు. అయితే ఒకే చాంబర్స్‌లోని ఇద్దరు ఒకే కేసులో ఎదురెదురుగా నిలబడటం మామూలే. ఎవరి క్లయింటు రహస్యాలు వాళ్ల దగ్గరే ఉంటాయి.

నన్నడిగితే ఈ పద్ధతిలో మంచి ఎక్కువ. పదేళ్లు డిఫెన్స్ చేసినవాడు ప్రాసిక్యూషన్ ఫైలు తెరవగానే ఎక్కడ డొల్లగా ఉందో పట్టేస్తాడు. పోలీసుల మాటను వేదవాక్కుగా తీసుకోడు. అలాగే ప్రాసిక్యూషన్ చేసినవాడికి దెబ్బ తిన్న మనిషి కోర్టు వరండాలో ఎలా వణుకుతూ కూర్చుంటుందో తెలుసు. రేపు డిఫెన్స్ వైపు నిలబడి అదే మనిషిని ప్రశ్నలడిగేటప్పుడు నోరు అదుపులో ఉంటుంది.

ప్రాసిక్యూట్ చేస్తున్నప్పుడు ఎలాగైనా శిక్ష వేయించడమే కదా పని?

కాదు. ప్రాసిక్యూషన్ బారిస్టర్‌కు గెలుపోటములు ఉండకూడదని ఇక్కడ మొదటిరోజు నుంచే నేర్పుతారు. కేసు కోర్టుకు రావాలంటే రెండు మెట్లు దాటాలి: శిక్ష పడే అవకాశం నిజంగా కనబడేంత సాక్ష్యం ఉందా, ఉన్నా ఈ కేసు నడపడం ప్రజలకు మంచిదేనా. మధ్యలో సాక్ష్యం కూలిపోతే కేసు ఆపేయమని సీపీఎస్‌కు సలహా ఇవ్వాల్సింది కూడా ఆ బారిస్టరే. శిక్ష దశలోనూ ఇన్నేళ్లు వేయండని పట్టుబట్టరు. మార్గదర్శకాల్లో ఈ నేరం ఏ కోవలోకి వస్తుందో జడ్జికి చూపించి కూర్చుంటారు.

అన్నిటికంటే ముఖ్యమైనది డిస్‌క్లోజర్. పోలీసులు సేకరించినవాటిలో ప్రాసిక్యూషన్ వాడుకోనివి బోలెడు ఉంటాయి. వాటిలో తమ కేసును బలహీనపరిచేది గానీ, ముద్దాయికి పనికొచ్చేది గానీ ఉంటే అవతలివాళ్లకు ఇచ్చి తీరాలి. 1996 నాటి చట్టం చెప్పేది అదే. ఇది తప్పితే ఏమవుతుందో పోస్టాఫీసు కేసులు చూస్తే తెలుస్తుంది.

బ్రిటన్ పోస్టాఫీసు బ్రాంచీల్లో హొరైజన్ అనే కంప్యూటర్ సిస్టమ్ పెట్టారు. డబ్బు నిజంగా తగ్గకపోయినా అది లెక్కల్లో తరుగు చూపించేది. బ్రాంచి నడిపేవాళ్లు డబ్బు తిన్నారని కేసులు పెట్టారు. 1999 నుంచి 2015 వరకు శిక్షలు పడినవాళ్లు 900 మందికి పైనే. అందులో ఎక్కువ కేసులు సీపీఎస్ కాకుండా పోస్టాఫీసే సొంతంగా నడిపింది. అంటే నష్టపోయామన్నదీ, దర్యాప్తు చేసిందీ, ప్రాసిక్యూట్ చేసిందీ ఒకళ్లే. బాధితుల్లో భారతీయ మూలాలున్నవాళ్లు చాలామంది. సర్రేలో బ్రాంచి నడిపిన సీమా మిశ్రాకు 2010లో 15 నెలల జైలు వేశారు, అప్పుడావిడ గర్భవతి. సిస్టమ్‌లో లోపాలున్నాయన్న సమాచారం డిఫెన్స్‌కు అందలేదు. 2021 ఏప్రిల్‌లో అప్పీల్ కోర్టు ఆవిడతో కలిపి 39 మంది శిక్షలు కొట్టేసింది. మిగతావాళ్ల కోసం 2024లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. కంప్యూటర్ తప్పు చేసిందని అందరూ అంటారు. తప్పు చేసిన కంప్యూటర్‌ను నమ్మి, దానికి వ్యతిరేకంగా ఉన్న కాగితాలు బయటపెట్టని ప్రాసిక్యూషన్‌ది పెద్ద తప్పని నా అభిప్రాయం.

తప్పు చేశాడని తెలిసీ డిఫెండ్ చేస్తారా? మనస్సాక్షి ఉండదా?

పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. ముందు ‘తెలిసీ’ దగ్గర ఆగుదాం. బారిస్టర్‌కు తెలిసేది ఫైలులో ఉన్నది, క్లయింటు చెప్పింది. అంతకుమించి చూసొచ్చినవాళ్లెవరూ ఉండరు. అనుమానం ఉంటే ఉంటుంది, దాంతో పని లేదు. నిర్ణయించేది జ్యూరీ, అంటే మామూలు జనంలోంచి ఎంచిన పన్నెండుమంది.

క్లయింటే ‘నేనే చేశాను, కానీ ఒప్పుకోను’ అంటే సంగతి మారుతుంది. అప్పుడు అతను చేయలేదని చెప్పకూడదు, ఆ టైములో వేరేచోట ఉన్నాడని సాక్షిని తీసుకురాకూడదు, నేరం ఫలానావాడు చేశాడని ఇంకొకరి మీదికి తోయకూడదు. ప్రాసిక్యూషన్ సాక్ష్యం సరిపోతుందా లేదా అని పరీక్షించడం వరకే హద్దు. కోర్టును తప్పుదారి పట్టించిన బారిస్టర్ లైసెన్సే పోవచ్చు.

కేసు నచ్చలేదనీ, ముద్దాయి మొహం నచ్చలేదనీ తిప్పి పంపడానికి కూడా వీల్లేదు. ఖాళీ ఉండి, ఆ పని చేసే అనుభవం ఉండి, సరైన ఫీజు వస్తుంటే వచ్చిన కేసు తీసుకోవాలి. స్టాండులో వరుసలో ముందున్న ట్యాక్సీ ఎక్కినవాళ్లను కాదనకూడదన్నట్టు, అందుకే దీన్ని క్యాబ్ ర్యాంక్ రూల్ అంటారు.

ఇక నేరం రుజువు చేయాల్సిన భారం ఎవరిదన్నది. 1934 చివర్లో వుల్మింగ్టన్ అనే 21 ఏళ్ల పొలం కూలీ తుపాకీ పేలి భార్య చనిపోయిన కేసులో పట్టుబడ్డాడు. పొరపాటున పేలిందన్నాడు. అది పొరపాటేనని నువ్వే రుజువు చేసుకోవాలన్నట్టు జడ్జి జ్యూరీకి చెప్పాడు, ఉరిశిక్ష పడింది. 1935లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ అది తప్పని కొట్టేసింది. మన కోర్టుల్లో కూడా ఇప్పటికీ ఉదహరించే తీర్పు అది. ఇప్పుడు జడ్జీలు జ్యూరీకి ఇంకా సూటిగా చెబుతారు: ‘ముద్దాయే చేశాడని మీకు ఖాయంగా అనిపిస్తేనే దోషి అనండి.’ బహుశా చేసుండొచ్చు అనిపిస్తే చాలదు.

ఒక రోజు ఎలా గడుస్తుంది?

నిజానికి రోజు ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. రేపటి కేసుల జాబితా మధ్యాహ్నం దాటాక గానీ ఖరారు కాదు. ఐదింటికో ఆరింటికో చాంబర్స్ క్లర్క్ ఫోన్ చేసి ‘రేపు లెస్టర్ కోర్టు’ అంటాడు. బారిస్టర్లకు పని చూసిపెట్టేది, డైరీ నడిపేది, ఫీజు మాట్లాడేది ఈ క్లర్కులే. వాళ్లతో పేచీ పెట్టుకున్న జూనియర్‌కు కష్టాలే. రాత్రి కూర్చుని వందల పేజీలు కంప్యూటర్‌లో చదువుకోవడం, పొద్దున్నే రైలు.

కోర్టుకు చేరగానే క్లయింటు రిమాండులో ఉంటే కింద సెల్స్‌కి వెళ్లాలి. ఇరుకు గది, నేలకు బిగించిన బల్ల. జైలు వ్యాను లేటైతే ఉన్న పదిహేను నిమిషాల్లోనే అన్నీ మాట్లాడుకోవాలి. ఆ తర్వాత పైన బారిస్టర్లు గౌన్లు వేసుకునే రోబింగ్ రూమ్‌లో అవతలి బారిస్టర్‌ను కలిసి ఏ సాక్షులు అవసరం, ఏవి ఒప్పుకుంటాం అని తేల్చుకోవడం. ఇద్దరూ నవ్వుకుంటూ కాఫీ తాగుతుంటే చూసి క్లయింటు ఇంట్లోవాళ్లు ‘కుమ్మక్కైపోయారు’ అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. ఆ ఇద్దరూ మాట్లాడుకోకపోతే రెండు రోజుల కేసు ఐదు రోజులు పడుతుంది.

క్రాస్ ఎగ్జామినేషన్ అంటే గట్టిగా అరిచి సాక్షిని తికమక పెట్టడమేనా?

సినిమాల్లో అంతే. ఇక్కడ అరిస్తే జ్యూరీకి సాక్షి మీద జాలి, మీమీద చిరాకు వస్తాయి. చిన్న చిన్న ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నలో ఒక్కటే విషయం, జవాబు ముందే తెలిసుండాలి. ఉదాహరణకు, రాత్రి రోడ్డవతల జరిగిన కొట్లాటలో ముద్దాయిని చూశానని ఒకావిడ చెప్పిందనుకోండి.

‘మీరు బస్టాపులో ఉన్నారు.’ ‘అవును.’
‘గొడవ రోడ్డవతల జరిగింది.’ ‘అవును.’
‘మధ్యలో ఒక బస్సు ఆగింది.’ ‘ఆగింది, కాసేపే.’
‘అది కదిలేసరికి ఒకతను పరిగెడుతున్నాడు.’ ‘అవును.’
‘అంటే మీకు వీపు కనిపించింది.’ ‘...ఎక్కువగా వీపే.’

ఇక్కడితో కూర్చోవాలి. ‘మరైతే మొహం చూడలేదుగా?’ అని ఇంకొక్కటి అడిగితే ‘వెనక్కి తిరిగి చూశాడు’ అంటుంది, అంతా పోతుంది. ఆ చివరి ప్రశ్న అడగకుండా ఆగడం నేర్చుకోడానికే ఏళ్లు పడుతుంది. గుర్తుపట్టడం మీదే ఆధారపడ్డ కేసుల్లో, నిజాయితీగల సాక్షి కూడా పొరబడొచ్చని జడ్జి జ్యూరీని హెచ్చరించాలి. 1976లో వచ్చిన టర్న్‌బుల్ తీర్పు పెట్టిన నియమం అది.

సాక్షి అబద్ధమాడుతోందని తర్వాత వాదించదలిస్తే ఆ మాట సాక్షి ముఖం మీదే అడగాలి. తన సాక్షికి జవాబులు బట్టీ పట్టించడం ఇక్కడ నిషిద్ధం, రిహార్సల్ కూడా కుదరదు. చిన్నపిల్లలు సాక్షులైతే ఏ ప్రశ్నలు ఏ మాటల్లో అడగాలో ముందే జడ్జి దగ్గర తేల్చుకుంటారు. కొన్ని కేసుల్లో వాళ్ల క్రాస్ ఎగ్జామినేషన్‌ను ముందే రికార్డు చేసి విచారణలో వేసి చూపిస్తారు.

జ్యూరీ సంగతేమిటి? మనవాళ్లను కూడా పిలుస్తారా?

పిలుస్తారు! ఇది చాలామందికి తెలియదు. కామన్వెల్త్ పౌరులుగా ఇండియన్లు ఇక్కడ ఓటర్ల జాబితాలో చేరొచ్చు. జ్యూరీని తీసేది ఆ జాబితా నుంచే. 18 నుంచి 75 ఏళ్ల మధ్య ఉండి, 13 ఏళ్లు వచ్చాక కనీసం ఐదేళ్లు బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ఉత్తరం రావొచ్చు. ఏదో స్కామ్ అనుకుని చెత్తబుట్టలో వేయకండి, 1,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. జ్యూరీలో ఉండగా కేసు గురించి నెట్‌లో వెతకడం నేరం. గదిలో ఏం మాట్లాడుకున్నారో తర్వాత ఇంట్లో చెప్పడం కూడా నేరమే.

పన్నెండుమంది ఏకాభిప్రాయానికి రావాలి. కనీసం 2 గంటల 10 నిమిషాలు గడిచాక జడ్జి అనుమతిస్తే 10–2 కూడా చెల్లుతుంది. మన దేశంలో 1959 నాటి నానావతి కేసు తర్వాత జ్యూరీ పేరు చెడింది, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో పూర్తిగా పోయింది. ఇంగ్లండ్‌లోనూ 90 శాతం పైగా కేసులు జ్యూరీ లేని మేజిస్ట్రేట్ కోర్టులోనే ముగిసిపోతాయి. క్రౌన్ కోర్టులో పెండింగ్ కేసులు 70,000 దాటాయని, మూడేళ్లలోపు శిక్ష పడే కేసులు చాలావాటికి జ్యూరీ తీసేద్దామని 2025 డిసెంబరులో ప్రభుత్వం ప్రతిపాదించింది. బారిస్టర్లలో దాని మీద గట్టి వ్యతిరేకత వచ్చింది.

భార్య కంప్లైంట్ వెనక్కి తీసుకుంటానంటోంది. రాజీ చేసుకుంటే కేసు కొట్టేస్తారా?

అలా అనుకునే చాలామంది ఇంకా లోతుగా ఇరుక్కుంటున్నారు. ఇక్కడ కేసు ఆవిడది కాదు, క్రౌన్‌ది, అంటే ప్రభుత్వానిది. ఆవిడ వద్దన్నా, ఎమర్జెన్సీ నంబరు 999కి చేసిన ఫోన్ రికార్డింగు, పోలీసు ఒంటి మీది కెమెరా వీడియో, పక్కింటివాళ్ల సాక్ష్యంతో సీపీఎస్ ముందుకెళ్లొచ్చు. లోక్ అదాలత్‌లో కూర్చుని సంతకాలు పెట్టుకునే పద్ధతి ఇక్కడ లేదు.

బెయిల్ షరతుల్లో ‘ఆమెతో ఏ రకంగానూ మాట్లాడకూడదు’ అని ఉంటే వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టినా అరెస్టు చేయొచ్చు. బావగారితోనో పిన్నితోనో ఇండియా నుంచి ఫోన్ చేయించి ‘పరువు పోతుంది, కేసు వద్దని చెప్పమ్మా’ అనిపిస్తే అది సాక్షిని ప్రభావితం చేయడం కిందికొస్తుంది. న్యాయప్రక్రియను వక్రీకరించడమనే ఈ నేరానికి గరిష్ఠ శిక్ష యావజ్జీవం. మొదటి కేసులో జరిమానాతో పోయేవాడు రెండో కేసులో జైలుకెళ్లొచ్చు. పెద్దమనుషులు దయచేసి ఫోన్లు పక్కన పెట్టండి.

స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. పోలీసులు స్టేషన్‌కి రమ్మన్నారు. ఏం చేయాలి?

సొలిసిటర్ కావాలని అడగండి. స్టేషన్లో సొలిసిటర్ సాయం పూర్తిగా ఉచితం, వీసాతో సంబంధం లేదు. ఇంగ్లిష్‌లో ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కూడా ఉచితం. ‘తప్పు చేయలేదు కదా, లాయరెందుకు’ అని ఒంటరిగా వెళ్లి వాగినవాళ్ల ఇంటర్వ్యూ కాగితాలే రేపు బారిస్టర్‌కు తలనొప్పి. మౌనంగా ఉండే హక్కుంది గానీ, 1994 చట్టం వచ్చాక, అప్పుడు దాచి కోర్టులో కొత్తగా చెప్పిన మాటను జ్యూరీ అనుమానించొచ్చు. ఎప్పుడు మాట్లాడాలో సొలిసిటరే చెప్పాలి.

త్వరగా ఇంటికి పోవచ్చని ‘కాషన్’ (పోలీసులు ఇచ్చే అధికారిక హెచ్చరిక) తీసుకుంటే నేరం ఒప్పుకున్నట్టే, వీసా ఫారాల్లో అది చెప్పుకోవాల్సి వస్తుంది. బ్రిటిష్ పౌరులు కానివాళ్లకు 12 నెలలు గానీ అంతకుమించి గానీ జైలు పడితే దేశం నుంచి పంపేయాలన్నది 2007 చట్టం. అందుకే శిక్ష గురించి వాదించేటప్పుడు ఒక్క నెల తేడా కూడా జీవితాన్ని మార్చేస్తుంది.

నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందా?

తగ్గుతుంది. మొదట్లోనే ఒప్పుకుంటే మూడో వంతు, ఆ తర్వాతైతే నాలుగో వంతు దాకా, విచారణ మొదలయ్యే రోజున పదో వంతు. ఈ లెక్క క్లయింటుకు స్పష్టంగా చెప్పాలి, ఒత్తిడి మాత్రం పెట్టకూడదు. చేయనివాడు భయంతో ఒప్పుకోవడం కంటే ఘోరం లేదు.

విగ్గు ఇంకా పెట్టుకుంటారా?

క్రౌన్ కోర్టులో పెట్టుకుంటారు, గుర్రపు వెంట్రుకలతో చేసింది. మేజిస్ట్రేట్ కోర్టులో అక్కర్లేదు. ఎండాకాలంలో నరకం.

సంపాదన బాగుంటుందా?

వ్యాపార కేసులు చేసే బారిస్టర్లతో పోల్చుకుంటే ఏడుపొస్తుంది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే లీగల్ ఎయిడ్ కేసులకు ఫీజు ప్రభుత్వ పట్టిక ప్రకారం వస్తుంది, కేసు ముగిశాక, అదీ ఆలస్యంగా. వాయిదా పడిన రోజుకు వచ్చేది రైలు టికెట్టుకూ చాలకపోవచ్చు. 2022లో క్రిమినల్ బారిస్టర్లు ఏప్రిల్‌లో నిరసన మొదలుపెట్టి చివరికి నిరవధిక సమ్మెకే దిగారు. 15 శాతం పెంపు ఒప్పందంతో అక్టోబరులో విరమించారు. అనుభవం వచ్చాక, పెద్ద హత్య కేసులు, మోసం కేసులు వచ్చాక బతుకు బాగానే ఉంటుంది. అక్కడిదాకా నిలదొక్కుకోవడమే సమస్య, మధ్యలోనే వేరే లా వైపు వెళ్లిపోయేవాళ్లు చాలామంది.

ఇండియాలో ఎల్ఎల్‌బీ చేశాను. నేను బారిస్టర్ అవ్వగలనా?

అవ్వొచ్చు, కానీ రెండు విషయాలు కలిపేయకండి. లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్ అనే నాలుగు సంస్థల్లో ఒకదాంట్లో చేరి, బార్ కోర్సు పాసై, బారిస్టర్‌గా పేరు నమోదు చేయించుకోవడం ఒకటి. ప్రాక్టీసు చేయగలగడం ఇంకొకటి. దానికి ప్యూపిలేజ్ కావాలి: ఏడాది శిక్షణ, మొదటి ఆరు నెలలు సీనియర్ వెనక తిరగడం, తర్వాతి ఆరు నెలలు సొంతంగా కేసులు. దీనికి జీతంలా కొంత ఇస్తారు. సీట్లు బాగా తక్కువ, పోటీ విపరీతం. కోర్సు ఫీజు 10,000 పౌండ్లకు పైనే. ప్యూపిలేజ్ దొరక్క, పేరు పక్కన బారిస్టర్ అని రాసుకుని తిరిగొచ్చినవాళ్లు లెక్కలేనంతమంది. కన్సల్టెన్సీలు మొదటి సంగతే చెబుతాయి, రెండోది మీరే అడగాలి.

మన దగ్గర ఇప్పటికే ప్రాక్టీసు చేసినవాళ్లు బారిస్టర్లను నియంత్రించే బార్ స్టాండర్డ్స్ బోర్డుకు దరఖాస్తు చేస్తే అనుభవాన్నిబట్టి కొన్ని దశలు మినహాయించొచ్చు. 2021లో వచ్చిన ఎస్‌క్యూఈ అనే సొలిసిటర్ల అర్హత పరీక్ష రాసి ముందు సొలిసిటర్ అయ్యి, తర్వాత క్రౌన్ కోర్టు హక్కు తెచ్చుకోవడం ఇంకో దారి. ఇల్లు తాకట్టు పెట్టి వచ్చేవాళ్లకు నేను ఈ రెండో దారే చెబుతాను.

ఊరికే వెళ్లి విచారణ చూడొచ్చా?

చూడొచ్చు, టికెట్టు లేదు. దగ్గర్లోని క్రౌన్ కోర్టుకు పదింటికల్లా వెళ్లి సెక్యూరిటీ దాటాక, అషర్ అని నల్లగౌనులో ఫైలు పట్టుకుని తిరిగేవాళ్లుంటారు, ఏ గదిలో విచారణ నడుస్తోందో అడగండి. బారిస్టర్ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు శిక్ష విధించే విచారణలు కూడా చూడాలి, అరగంటలో ఒక మనిషి జీవితమంతా చెబుతారు. ఫొటోలు, రికార్డింగులు నేరం. లండన్ ఓల్డ్ బెయిలీకైతే ఫోన్, బ్యాగ్ తీసుకెళ్లొద్దు. లోపలికి రానివ్వరు, దాచుకోడానికి అక్కడ లాకర్లు కూడా ఉండవు.